రెండవ ఆల్బము ఎక్కడ?

తొలికాపునకే తోటమాలి మురిసిపోడు. మలికాపు చూచినగాని చెట్టు వేరూనినదని నమ్మడు. పాటల బృందములకును నిదియే న్యాయము. మొదటి ఆల్బమునకు గాయకులు చిన్ననాటినుండి కూడబెట్టిన బాణీలన్నియు వెచ్చింతురు. రెండవదానికి మిగులునది ఏడాదియో, రెండేండ్లో; అందును కచేరీలు, ప్రయాణములు, పొగడ్తలు, లెక్కల తగాదాలు. ఇంగ్లండున మాంచెస్టరు పట్టణపు స్టోన్ రోజెస్ బృందము 1989లో తొలి ఆల్బముతో కీర్తి గడించి, కంపెనీతోడి వ్యాజ్యమున జిక్కి, రెండవదానిని 1994 డిసెంబరునకు గాని వెలువరింపజాలకపోయెను.

తెలుగునాట కష్టము వేరు. ఇచ్చట రెండవ ఆల్బము ఆలస్యమగుట కాదు. తరచుగా పుట్టనే పుట్టదు. తొలిపాట వీధులలో మ్రోగినంతనే ఫిలింనగరునుండి పిలుపు వచ్చును. మిస్టీ రిథమ్స్ బృందముతో 'ఆయే లైలా' వినిపించిన రమణ గోగులగారు 1998లో 'ప్రేమంటే ఇదేరా', 1999లో 'తమ్ముడు', 2000లో 'బద్రి' చిత్రములకు సంగీతము గూర్చిరి. 2020లో మహమ్మారి వేళ 'చేతులెత్తి మొక్కుతా' పాటతో ఇంటింటికి చేరినది చౌరస్తా బృందము. దానితో పేరొందిన రామ్ మిరియాలగారి కంఠము మరుసటి యేడే 'జాతిరత్నాలు' చిత్రమున వినబడెను.

వీరిని మేము నిందింపము. కళాకారునకును కడుపున్నది. వెంగళరావు నగరులో అద్దెగదిలో గిటారును మంచము క్రింద దాచుకొను యువకునితో, సినిమా వలదని చెప్పుటకు మనమెవరము? సినిమాపాటయు మన సొత్తే. అయినను అది కథకును, కథానాయకునకును, దర్శకుని కోర్కెకును లోబడినది. ఊరు విడచి వలసపోవువాని దిగులు కథలో సందు దొరికిననే అచ్చట పాటయగును. బృందపు పాటకు అట్టి యనుమతితో పనిలేదు. ఆ స్వేచ్ఛ కొడిగట్టినచో నష్టపడునది ఒక గాయకుడు కాదు, తెలుగుపాట.

రెండును పొసగవా? పొరుగున కేరళమును జూడుడు. తైక్కుడం బ్రిడ్జ్ బృందము 2015లో 'నవరసం' వెలువరించినది. అందలి గోవింద్ వసంత 2018లో '96' అను తమిళ చిత్రమునకు సంగీతము గూర్చి పేరుగాంచెను. అయినను 2019లో ఆ బృందము 'నమః' అను రెండవ ఆల్బమును లోకమున కందించినది. సినిమా పిలుపు బృందమునకు మరణశాసనము కానక్కరలేదు.

కావున నిర్మాతలకు మా మనవి: గాయకుని కంఠమును గొనుడు, అతని కాలమునంతటిని గొనకుడు, సొంత పాటలు వెలువరించు హక్కును ఒప్పందముననే వ్రాసి యిండు. బృందములవారికి మా మాట: తొలిపాట నచ్చినదని దానినే రంగుమార్చి మరల వడ్డింపకుడు. ఇక పాఠక మహాశయులారా! చేతిఫోనులో ఉచితముగా విని, భేషని తల యూపినంత మాత్రమున ఏ బృందమును నిలువదు. మన కళాశాలల వార్షికోత్సవములలో వారి చేత సినిమాపాటలే పాడించి పంపుచున్నాము. ఒక్క సాయంకాలము వారి సొంత పాటలనే పాడనిండు. టిక్కెట్టు కొని వినుడు. మలికాపు కావలెనన్న చెట్టుకు నీరు పోయవలసినది మనమే.