తుడిచే చెయ్యి ఒక్కటేనా?

తెల్లవారుజామున అయిదింటికి లేవడం నా అలవాటు. కిందటేడు వానాకాలంలో ఒకరోజు అలాగే లేచి హాల్లో అడుగు పెట్టానో లేదో కాలు జర్రున జారింది. లైటు వేసి చూస్తే సోఫా పక్కన మడుగు. మా రాణి మూలకి నక్కి కూర్చుని, నావంక చూడకుండా తల తిప్పుకుంది. పదమూడేళ్ల పొమేరియన్ అది. పిల్లగా ఇంటికొచ్చిన కొత్తలో తప్ప ఏనాడూ ఇల్లు పాడుచేసి ఎరగదు.

ఒక్కరోజే కదా అనుకున్నాను. వారం తిరక్కుండా అది రోజువారీ అయిపోయింది. పడుకున్న గుడ్డ తడుపుకునేది. ఒక్కోసారి దొడ్డికి కూడా హాల్లోనే. మాది విజయవాడలో మూడో అంతస్తు. తలుపు తెరిస్తే ఎదురు ఫ్లాటువాళ్లు ముక్కు మూసుకునే పరిస్థితి.

తిట్టాను. చుట్టాలొచ్చే వేళకి అలా చేసిందని ఒకరోజు దాని మెడ పట్టుకుని, మూతి ఆ తడికి ఆనించి, చీపురుతో ఒక్కటేశాను కూడా. దాచడం దేనికి? రాణి అరవలేదు. మర్నాటినుంచి మంచం కిందికి దూరి పోసేది. నా దెబ్బవల్ల అది నేర్చుకున్నది అదొక్కటే, నాకు కనపడకుండా పోయడం.

ఇంట్లో సలహాలకి కొదవలేదు. "నూజివీడులో మా స్నేహితుడికి మామిడితోట ఉంది. అక్కడ వదిలేద్దాం, హాయిగా తిరుగుతుంది" అన్నారు మావారు. "రాత్రిళ్లు నీళ్లు పెట్టకమ్మా, సరిపోతుంది" అన్నాడు బెంగళూరునుంచి మా అబ్బాయి. మారాం చేసి కుక్కపిల్లని ఇంటికి తెచ్చింది వాడే. సలహా ఇచ్చినవాళ్లలో తడిగుడ్డ పట్టుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. తుడిచి తుడిచి విసిగి, చివరికి నేనూ తోటకి సరేనన్నాను. ఆదివారం ప్రయాణం.

శనివారం రాత్రి మా అత్తయ్యగారు నన్ను తన గదిలోకి పిలిచారు. ఎనభై దాటిన మనిషి. రాణిని దేవుడి గది ఛాయలకి రానివ్వరు. తలుపు దగ్గరికి వేయమని, "అమ్మాయ్, రెండేళ్లుగా నాకూ అదే బాధ. దగ్గినా తుమ్మినా ఆగదు. నువ్వు లేవకముందే లేచి చీర పిండేసుకుంటున్నా. దానికి పిండుకునే చేతుల్లేవు, అంతే" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. పొద్దున్నే తీగమీద ఆరుతుండే ఆవిడ చీర చూసి ఇన్నాళ్లూ మడి అనుకున్నాను.

మేం నూజివీడు వెళ్లలేదు. సోమవారం రాణిని పశువుల డాక్టరుగారికి చూపించాం. "నీళ్లు ఎక్కువ తాగుతోందా? మెలకువగా ఉండి పోస్తోందా, నిద్రలో తెలీకుండా పోతోందా? మెట్లు దిగుతోందా?" అని అడిగారాయన. పదమూడేళ్లు అన్నం పెట్టినదాన్ని, ఒక్కదానికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇంట్లో ముసలి కుక్క ఉన్న ప్రతివాళ్లూ ముందు గమనించాల్సింది ఇవే.

వయసు మీరిన కుక్క ఇల్లు తడుపుతోందంటే వెనక ఏదో కారణం ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్రపిండాల జబ్బు కావచ్చు, షుగరు కావచ్చు. ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో కొన్నింటికి మూత్రాన్ని ఆపే కండరం వదులై నిద్రలో కారిపోతుంది. దానికి మందులున్నాయి. కీళ్ల నొప్పులుంటే, వెళ్లాలని ఉన్నా లేచి గుమ్మం దాకా రాలేదు. కొన్నింటికి మనుషుల్లోలాగే మతిమరుపు వచ్చి, బయటికి వెళ్లాలన్న సంగతే మరిచిపోతాయి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లకి మించి తాగుతుంటే, అంటే ఎనిమిది కిలోల కుక్క 800 మిల్లీలీటర్లు దాటితే, వెంటనే చూపించాలి. అంతేగాని నీళ్లగిన్నె తీసేయకూడదు. మూత్రపిండాలు చెడిన కుక్కకి నీళ్లు ఆపితే ప్రాణంమీదికి వస్తుంది. కీళ్ల నొప్పులకి మనం వేసుకునే మాత్రలు సొంతంగా వేయడమూ అంతే ప్రమాదం.

రాణికి మూత్రపరీక్ష చేయించాం. పొద్దున్న మొదటిసారి పోసేటప్పుడు శుభ్రమైన గరిటె కింద పెట్టి పట్టాను. ఇన్ఫెక్షన్ ఉందని తేలింది, తుంటి కీళ్లు అరిగాయని ఎక్స్‌రేలో కనపడింది. మందులు వాడాక మూడొంతులు తగ్గింది. నున్నటి బండలమీద కాళ్లు నిలవక అవస్థ పడుతోందని గుమ్మం దాకా గోనెపట్టాలు పరిచాం. రాత్రి చిన్న దీపం ఉంచుతున్నాం. తడిని ముందు పాత పేపర్లతో అద్ది, తర్వాత కడుగుతున్నాం. అమ్మోనియా ఉన్న ద్రావణాలు వాడితే ఆ వాసనకి మళ్లీ అక్కడికే వస్తాయట. ఎంజైములతో చేసినవి మేలు. పెద్ద పరీక్షలు కావాలంటే గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో ఆస్పత్రులున్నాయి.

మందులతో పాటు ఇంట్లో మరో సంగతి కూడా తేల్చుకున్నాం. "ఇంటెడు చాకిరీ, ఉద్యోగం, పెద్దవాళ్లు, వీటి మధ్య కుక్క సేవ కూడానా?" అని అడిగే చెల్లెళ్లున్నారు. వాళ్లడిగేది న్యాయమే. నాకు రాణిమీద వచ్చిన కోపంలో సగం దానిమీద కాదని ఇప్పుడు తెలుస్తోంది. తెచ్చేటప్పుడు ముద్దు అందరిదీ, తుడిచేటప్పుడు చెయ్యి నాదొక్కదానిదే కావడంమీద ఆ కోపం. అది చెప్పలేక నోరులేనిదాన్ని కొట్టాను. అందుకే "వదిలేద్దాం" అని ఎవరైనా అంటే, ముందు వారంరోజులు వాళ్లనే తుడవమనండి. ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. పుట్టినప్పటినుంచీ గిన్నెలో తిన్న కుక్క తోటలో వేటాడి బతకలేదు. ఆకలిదప్పులకి మాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఇప్పుడు రాత్రి పదిన్నరకి, తెల్లవారుజామున మావారు లిఫ్టులో కిందికి తీసుకెళ్తున్నారు. మందుల డబ్బు అబ్బాయి పంపుతున్నాడు. అత్తయ్యగారిని లేడీ డాక్టరుకి చూపించాం. ఏవో కండరాల వ్యాయామాలు చెప్పారు, చేస్తున్నారు. చీర నేను ఉతుకుతానంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు.

రాణికి పూర్తిగా నయం కాలేదు, కాదు కూడా. ఈ పొద్దున్న కూడా హాల్లో చిన్న మడుగుంది. మావారే తుడిచారు. అంచులు సరిగ్గా తుడవలేదు, అది వేరే సంగతి.