నరమా, కండరమా?

‘నస్ పకడ్ లీ’ అని ఉర్దూలోనూ, ‘నరం పట్టేసింది’ అని తెలుగులోనూ మన ఇళ్లలో వినిపించని వారముండదు. మెడ తిరగకపోయినా నరమే, పిక్క గుంజినా నరమే, మెట్లెక్కలేకపోయినా నరాల బలహీనతే. ఈ ఒక్క మాట మూలంగా మా ఇంటి పెద్దావిడ ఎనిమిది నెలలపాటు అక్కరలేని మాత్రలు మింగారు.

ఆమెకు నొప్పి పెద్దగా లేదు. సజ్దా నుంచి లేవాలంటే రెండు చేతులూ నేలకు ఆనించవలసి వచ్చేది. వుజూ చేసుకునే పీట మీది నుంచి లేవడానికి కోడలు చెయ్యి అందించేది. ‘బుఢాపా హై బేటా’ అని ఆమె అనేవారు. ‘నసోం కీ కమ్‌జోరీ’ అని మేము సరిపెట్టుకున్నాం. మందుల దుకాణంలో నరాల మాత్రలు అడిగాము, నరాల మాత్రలే ఇచ్చారు. తప్పు మేము అడిగిన మాటలోనే ఉంది. చివరకు కుర్చీలో కూర్చుని నమాజు చేయవలసి వచ్చినప్పుడు ఆమె కన్నీరు పెట్టుకున్నారు. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు అనుమతి ఇచ్చిన సంగతి గుర్తు చేశాక గాని ఆమె మనసు కుదుటపడలేదు.

ఆ తరువాతనే పంజాగుట్టలో ఒక వైద్యునికి చూపించాము. తిమ్మిర్లున్నాయా, అరికాళ్లలో మంటలున్నాయా, స్పర్శ తెలుస్తోందా అని ఆయన అడిగారు. అవేవీ లేవన్నాము. తల దువ్వుకోవడానికి చేతులు పైకి లేస్తున్నాయా అని అడిగారు. లేవడం లేదు. ఆ సంగతి అంతవరకు ఆమె ఎవరికీ చెప్పలేదు. చీటీ మీద ‘ప్రాక్సిమల్ మయోపతి’ అని రాసి ఉంది. దాన్ని విడదీసి చెప్పినది వెంట వచ్చిన మనవరాలు. ‘దాదీ, ఇది నరం జబ్బు కాదు, కండరం జబ్బు’ అంది.

ఆ అమ్మాయి అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటోంది. పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషను దూరం. అమీర్‌పేట అంటే కంప్యూటర్ కోర్సుల బోర్డులే చాలామందికి గుర్తుకు వస్తాయి. ఆ బోర్డుల నడుమనే ఈ తరగతులూ ఉన్నాయి. రోగుల రికార్డులలోని జబ్బుల పేర్లను బీమా లెక్కల కోసం సంకేతాలుగా మార్చే విద్య ఇది. మొదట నేర్పేది పదాల విరుపు. ‘మయో’ కండరం, ‘న్యూరో’ నరం. ‘ఆల్జియా’ నొప్పి, ‘పతి’ వ్యాధి, ‘ట్రోఫీ’ పోషణ. కాబట్టి మయాల్జియా అంటే కండరాల నొప్పి, అట్రోఫీ అంటే పోషణ లేక కండ కరగడం. ‘ప్రాక్సిమల్’ అంటే మొండేనికి దగ్గరిదని అర్థం: భుజాలు, తుంటి, తొడలు. నరాల జబ్బు తరచుగా పాదాల చివర మొదలవుతుంది. కండరాల జబ్బు తరచుగా తొడలలో, భుజాలలో కనిపిస్తుంది. సజ్దా నుంచి లేపేవి ఆ తొడ కండరాలే. తొడ మీదుగా ఏటవాలుగా సాగే ఒక పొడవాటి కండరానికి ‘సార్టోరియస్’ అని పేరు. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. దర్జీలు కాళ్లు మడిచి కూర్చునే తీరును బట్టి ఆ పేరు వచ్చింది.

ఒక విచిత్రమూ ఆ అమ్మాయే చూపింది. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో మయాల్జియా ‘ఎం’ అక్షరం కింద, ఎముకలు కండరాల అధ్యాయంలో ఉంది. మయోపతి మాత్రం ‘జి’ అక్షరం కింద, నాడీమండల వ్యాధులతో చేరింది. కండరాన్ని కదిలించేది నరమే గనుక ఈ జబ్బులను తరచుగా న్యూరాలజిస్టులే చూస్తారు. పెద్దలు తెలిసి కలిపారు. మేము తెలియక కలిపాము.

మన భాషకు పదాలు లేక కాదు. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో కండరాలను, నరాలను వేరువేరుగా వివరించారు. అజల్ కండరం, అసబ్ నరం. కండరాన్ని ఎముకకు కట్టేది వతర్, ఎముకను ఎముకకు కట్టేది రిబాత్. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా ఏర్పడి, మరుసటి ఏడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసి, వైద్యాన్ని సైతం ఉర్దూలో బోధించిన నగరం మనది. అయినా ఇంటి మాటలో పట్ఠా అంటే కండరమూ అదే, నరమూ అదే. నిజాం ధర్మనిధి సాయంతో 1960లలో ఎముకల ఆసుపత్రిగా మొదలైన పంజాగుట్టలోని నిమ్స్‌లో నేడు ఎముకల విభాగం వేరు, నాడీ విభాగం వేరు. జిల్లాల నుంచి వచ్చినవారు ‘నరం’ అంటే ఒక వరుస, ‘కండ’ అంటే మరొక వరుస కావచ్చు. అందుకే జబ్బు పేరు మనమే పెట్టకుండా, ఏ పని చేయలేకపోతున్నామో చెప్పడం మేలు.

పెద్దావిడ రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువగా తేలింది. థైరాయిడ్ జబ్బులు, దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లు, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులు కూడా కొందరిలో ఇటువంటి బలహీనత తెస్తాయి. అలాగని మందులు సొంతంగా మానకూడదు, వైద్యునికి చెప్పాలి. ఈమెకు ఎండ తగిలి ఏళ్లయింది. ఉన్న అపార్టుమెంటు బాల్కనీ బట్టలు ఆరేయడానికే సరిపోయేది. ఇప్పుడు తాడు ఒక పక్కకు జరిపి అక్కడ కుర్చీ వేశాము. మందు మొదలై నాలుగు నెలలైంది. అల్‌హందులిల్లాహ్, సజ్దా నుంచి లేచేటప్పుడు ఇప్పుడు ఒక్క చెయ్యే నేలకు ఆనుతోంది.