ఖామోషీకి సబర్ అని పేరు పెట్టకండి

పోయిన జుమా రోజు మా ఖాలా ఫోన్ చేసింది. వాళ్ల మనవరాలు డిగ్రీ అయ్యాక ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తోంది. మాలిక్‌కు నోరూ చెయ్యీ రెండూ అదుపులో లేవట. పిల్ల కలెక్టరాఫీసులో అర్జీ పెడతానని కూర్చుంది. "పేపర్ల పనిజేసినోడివి బేటా, నీ మాటింటది. జర సమ్‌జాయించు. రిష్తాలు చూస్తున్నం. బాత్ బాహర్ గయీ తో ఎవరొస్తరు? సబర్ చెయ్యమను" అంది.

నేను సమ్‌జాయించలేదు. ఖాలా నారాజ్ అయింది. ఈ మాటలు ఆమెకే కాదు, ఇలాంటి ఫోన్లు చేసే ఇళ్లన్నిటికీ.

సబర్ అంటే ఏమిటో మదర్సా మొహం చూడని నాకు కూడా తెలుసు. మౌత్ వస్తే, బీమారీ వస్తే, కరువొస్తే చేసేది సబర్. మాలిక్ గల్లాపెట్టె చల్లగా ఉండాలని చేసేది సబర్ కాదు, వాడికి చేసే ఖిద్మత్. చెడ్డ మాట బయటికి అనడం మంచిది కాదంటూనే, జుల్మ్‌కు గురైనవాళ్లకు మినహాయింపు ఇచ్చింది నిసా సూరా 148వ ఆయత్. గవాహీ దాచొద్దని బఖరా సూరాలో ఉంది. రోజూ తిలావత్ చేసే ఇళ్లలోనే ఈ రెండూ గుర్తుండవు. "నౌకరీ మానెయ్, ఇంట్లో కూర్చో" అన్నది మాత్రం అందరికీ నోటికొచ్చు. తప్పు చేసినవాడు దుకాణంలో, తన్‌ఖా పోయిన పిల్ల వంటింట్లో. ఇదేం ఇన్సాఫ్?

గవాహీ గురించి ఇంత గట్టిగా మాట్లాడే హఖ్ నాకు లేదు. అదీ చెప్పాలి.

ఇరవై ఏళ్లు కావస్తోంది. నేనప్పుడు ఒక పేపర్ డెస్కులో పనిచేసేవాణ్ని. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కదా, ఒత్తు తప్పితే చాలు, మా ఇన్‌చార్జి నా కాపీ పైకెత్తి అందరికీ చదివి వినిపించేవాడు. "తురక తెలుగు" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఒక ట్రైనీ అమ్మాయితో మాత్రం అతను నవ్వులతో ఆగలేదు. ఆ పిల్ల హిమ్మత్ చేసి పైకి రాసింది. విచారణకు వచ్చినవాళ్లు పక్క కుర్చీలో కూర్చునే నన్ను అడిగారు. "నేనేం గమనించలేదండీ" అన్నాను. గమనించాను. అంతా చూశాను. ఇంటి కిరాయి, అబ్బా మందులు, అప్పుడే పుట్టిన కొడుకు, నా బహానాలన్నీ నిజమైనవే. అయినా నేను చెప్పింది అబద్ధమే. రెండు నెలల్లో ఆ అమ్మాయి వెళ్లిపోయింది. ఇన్‌చార్జికి ప్రమోషన్ వచ్చింది.

ఫిర్యాదు చేసినవాళ్ల హిమ్మత్ గురించి మనం చాలా మాట్లాడతాం. ఆ ఫిర్యాదును చంపేది ఎక్కువసార్లు పక్క కుర్చీవాడే.

సర్కారు కూడా తక్కువదేం కాదు. కేరళ సినిమా రంగంలో ఆడవాళ్లు ఎట్లా పనిచేస్తున్నారో చూడమని 2017లో జస్టిస్ హేమ కమిటీ వేశారు. ముగ్గురు సభ్యుల్లో మన తెనాలి శారద ఒకరు. ఎందరో ఆడవాళ్లు భయపడుతూనే వచ్చి చెప్పుకున్నారు. సెట్లలో మరుగుదొడ్లు లేకపోవడం నుంచి రాత్రిళ్లు తలుపులు కొట్టడం దాకా. 2019 డిసెంబర్ 31న నివేదిక ముఖ్యమంత్రి చేతికి వెళ్లింది. బయటికొచ్చింది 2024 ఆగస్టు 19న, అదీ కొన్ని భాగాలు తీసేసి. నాలుగున్నరేళ్లు దాన్ని ఎవరి ఇజ్జత్ కోసం దాచారు? ఆ తర్వాత హడావుడిగా పోలీసు బృందం వేస్తే, కమిటీ ముందు మాట్లాడినవాళ్లలో చాలామంది మళ్లీ చెప్పడానికి ఒప్పుకోలేదు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒకసారి నమ్మి చెప్పారు కదా! మన దగ్గరా 2019లో టాలీవుడ్ మీద తెలంగాణ సర్కారు కమిటీ వేసింది. ఆ నివేదిక బయటపెట్టమని 2024లో సమంత అడగాల్సి వచ్చింది.

ఇదంతా తెలిసీ పిల్లను అర్జీ పెట్టమంటున్నావా అని ఖాలా అడగొచ్చు. అవును, పెట్టమంటున్నాను. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటైనా, ఫిర్యాదు మాలిక్ మీదే అయినా 2013 చట్టం ప్రకారం జిల్లా లోకల్ కమిటీకి పోవచ్చు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు కూడా. కమిటీకి నామినేట్ చేసేవాళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళ ఒకరైనా ఉండాలి. ఆఖరిసారి జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు రాసివ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. గవాహ్‌లను పిలిపించే అధికారం కమిటీకి ఉంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమైపోదు, ఇది మన ఇళ్లలో పదిసార్లు చెప్పాలి. పేరు బయటపెట్టడం నేరం, అందుకే ఊరూ దుకాణం నేనూ రాయడం లేదు.

నాకు జరిగినట్టు యాసను వెక్కిరించడం, నలుగురిలో తిట్టడం, వీటికి మాత్రం వేరే చట్టమే లేదు. మగపిల్లలకైతే ఆ కమిటీ తలుపు కూడా తెరుచుకోదు. తన్‌ఖా ఆపితే లేబర్ ఆఫీసు ఉంది, అంతే. దీని మీద ఏ లీడరైనా అసెంబ్లీలో నోరు విప్పితే వినాలని ఉంది.

మా ఖాలా మనవరాలికి గడువు ఇంకా పన్నెండు రోజులుంది. అర్జీ రాశాం, మూడు పేజీలొచ్చింది. సోమవారం నేనే తీసుకెళ్తున్నాను. ఖాలా రాదు, పిల్ల అమ్మీ వస్తానంది. అదే దుకాణంలో పనిచేసే ఒక కుర్రాడు అంతా చూశాడు. చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు గానీ, వాళ్ల అబ్బా వద్దంటున్నారట. నా రాతలు ఆయన చదువుతారని తెలుసు. భాయీసాబ్, పిల్లవాణ్ని ఆపకండి. సోమవారం పదిన్నరకు కలెక్టరాఫీసు గేటు దగ్గర ఉంటాను. మీరూ వస్తే ఛాయ్ నాది.