దెయ్యం బొమ్మే.. కానీ ఆటోమేషన్ పాఠం!

అక్టోబర్ 31 రాత్రి అమెరికాలో హాలోవీన్ సందడి ఎలా ఉంటుందో రీల్స్‌లోనైనా చూసే ఉంటారు. పిల్లలు చాక్లెట్ల కోసం గుమ్మం వైపు నడుస్తారు. దారిలో పరిచిన పట్టా మీద అడుగు పడగానే పక్కనున్న శవపేటికలోంచి అస్థిపంజరం బుస్సుమంటూ లేస్తుంది. చూసేవాళ్లకు అదో సరదా. నన్నడిగితే ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ విద్యార్థులకు ఇంతకంటే మంచి మినీ ప్రాజెక్టు దొరకదు. వేలు పోసి కొనే రెడీమేడ్ 'స్మార్ట్' ప్రాజెక్టుల కంటే వందరెట్లు నయం.

ఎందుకంటే ఇందులో ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది. పట్టా అంటే రెండు పల్చటి లోహపు రేకులు, మధ్యలో అక్కడక్కడ స్పాంజి ముక్కలు. బరువు పడితే రేకులు తగిలి సర్క్యూట్ కలుస్తుంది. కాలితో నొక్కే స్విచ్, అంతే. బొమ్మను లేపేది గాలి. సోలనాయిడ్ వాల్వ్ తెరుచుకుంటే కంప్రెసర్ గాలి సిలిండర్‌లోకి వెళ్లి రాడ్డును బయటికి తోస్తుంది.

పట్టా వైర్లను నేరుగా వాల్వ్ కాయిల్‌కు సిరీస్‌లో కలిపినా బొమ్మ లేస్తుంది. కానీ అలా చేయకూడదు. గోడ సాకెట్‌లో అమెరికాలో 120 వోల్టులు, మన దగ్గర 230. జనం తొక్కే పట్టాలోకి, అదీ తడి వాకిట్లో, ఆ కరెంటు రానే కూడదు. 12 లేదా 24 వోల్టుల డీసీ వాడినా, కాయిల్ కరెంటంతా రేకుల గుండా పోతే స్పార్కులకు అవి పాడవుతాయి. పట్టా కబురు చెప్పాలి, బరువు పని రిలే చేయాలి. డీసీ కాయిల్ ఆగినప్పుడు ఎదురొచ్చే వోల్టేజీకి అడ్డుగా ఒక డయోడ్ పెట్టాలి.

తర్వాత టైమర్. అది లేకపోతే పిల్లాడు పట్టా మీద నిలబడ్డంతసేపూ బొమ్మ లేచే ఉంటుంది, గెంతితే టకటకా కొట్టుకుంటుంది. ఒక్క అడుగుకు రెండు మూడు సెకన్లు లేచి, దిగి, ఆపై ఓ పది సెకన్లు ఎవరు తొక్కినా పలక్కూడదు. ఆర్డునోలో ఇది చిన్న ప్రోగ్రామ్, పీఎల్‌సీలో రెండు టైమర్ల పని. ఈ లాజిక్ కాగితం మీద సొంతంగా గీసినవాళ్లకు ల్యాడర్ డయాగ్రమ్ చూస్తే భయం వేయదు.

బలం లెక్క కూడా వేయండి. 40 మి.మీ. బోరున్న సిలిండర్‌కు 5 బార్ గాలి ఇస్తే సుమారు 630 న్యూటన్లు, అంటే 60 కిలోలకు పైగా తోపు! పిల్లల దగ్గర అది ప్రమాదం. రెగ్యులేటర్‌తో ప్రెజర్, ఫ్లో కంట్రోల్ వాల్వ్‌తో వేగం తగ్గించాలి. బొమ్మ ఎంత ముందుకొచ్చినా పిల్లలకు తగలనంత దూరంలో బిగించాలి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. ఫ్యాక్టరీల్లో ప్రెస్‌ల ముందు, రోబోల చుట్టూ పరిచే సేఫ్టీ మ్యాట్ కూడా ఇలాంటిదే, పని మాత్రం తలకిందులు. ఇక్కడ తొక్కితే బొమ్మ కదులుతుంది, అక్కడ తొక్కితే మెషిన్ ఆగాలి. హాలోవీన్ పట్టా వైరు తెగితే బొమ్మ లేవదు, ఎవరికీ నష్టం లేదు. సేఫ్టీ మ్యాట్ వైరు తెగితే? మనిషి లోపలున్నా మెషిన్‌కు తెలియదు. అందుకే చాలా సేఫ్టీ మ్యాట్లకు నాలుగు వైర్లుంటాయి, ఒక్కో రేకుకు రెండు. సేఫ్టీ రిలే వాటిని ఎప్పుడూ గమనిస్తుంటుంది. వైరు తెగినా మెషిన్ ఆపేస్తుంది. ఈ తేడా సొంత మాటల్లో చెప్పగలిగిన ఫ్రెషర్‌ను ప్లాంట్ ఇంజినీర్ తేలిగ్గా తీసుకోడు.

'కోర్‌లో జీతాలేవి అన్నా?' అంటారా? మొదట్లో తక్కువే, దాచను. అయినా శ్రీసిటీకో, పాశమైలారానికో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకు కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే చేతులెత్తేస్తుంది.

రెజ్యూమెలో 'దెయ్యం బొమ్మ' అని రాయడానికి మొహమాటమైతే 'ప్రెజర్ మ్యాట్‌తో న్యూమాటిక్ సిలిండర్ నియంత్రణ' అని రాయండి. బొమ్మ లేచి ఉండగా ఓసారి కరెంటు తీసేసి ఏమవుతుందో కూడా చూడండి. స్ప్రింగ్ రిటర్న్ వాల్వ్ అయితే దిగిపోతుంది. డబుల్ సోలనాయిడ్ అయితే లేచింది లేచినట్టే ఉండిపోతుంది. మీరు ఏది వాడారో, ఎందుకు వాడారో తప్పకుండా అడుగుతారు.