బురుజు కాడ ఆగిపోవద్దు

కర్నూలు అంటే చానామందికి కొండారెడ్డి బురుజే. 2003లో ‘ఒక్కడు’ సినిమా వచ్చినాంక అయితే మరీ. బస్సు దిగుతారు, బురుజు ముందర సెల్ఫీ కొట్టుకుంటారు, పోతారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఆడనే ఆగిపోవద్దు. పాతబస్తీలోకి నడవండి. పగలొకసారి, రాత్రొకసారి.

ఊరి పేరు నుంచే మొదలుపెడదాం. అలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందర ఈడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవంట. అదే కందనవోలు అయి, కర్నూలు అయిందని పెద్దోళ్లు చెప్తారు. బురుజు సంగతీ అంతే. విజయనగర కాలం నాటి కోటలో మిగిలిన ముక్క అది. కట్టించిన రాజు పేరు జనానికి గుర్తు లేదు. అందులో ఖైదు చేసినారని చెప్పుకునే అలంపురం కొండారెడ్డి పేరే నిలబడింది. అంటే ఊరికి పేరు పెట్టింది బండోళ్లు, బురుజుకు పేరిచ్చింది ఖైదీ.

పగలు పోతే కట్టడాలు కనపడతాయి. ఉగ్గాని బజ్జి తిని బయల్దేరితే ఎర్రబురుజు, దాని కాడ ఎల్లమ్మ గుడి. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి, జనం నోట గోల్‌గుమ్మజ్. ఇంగ్లీషోళ్లు 1839లో దించేసిన ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఏలింది ఈ ఊరినే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి, డేరాల్లో ఆఫీసులు నడిచి, మూడేండ్లకు అన్నీ లేచిపోయింది కూడా ఈ ఊరి నుంచే.

రాత్రి పోతే మనుషులు కనపడతారు. ఎండ దిగినాంక అరుగుల మీద కూచున్న పెద్దోళ్లను 2009 అక్టోబరు 2 గురించి అడగండి. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊర్లోకొచ్చిన రోజది. నీళ్లు యాడిదాకా వచ్చినాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

ఆ చెయ్యి చూపే గుర్తును కాపాడే చట్టం లేదు. 1958 చట్టం రాతికట్టడాన్ని కాపాడుతాది. 2010 సవరణతో రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాల. మంచిదే, రాయి మిగులుతాది. కానీ ఆ గీత లోపల బతికేటోళ్లు కురుస్తాన్న మిద్దె బాగుచేసుకోవాలన్నా కాగితం పట్టుకొని తిరగాల్సిందే. పర్యాటకం అంటే బురుజుకు లైట్లేయడమేనా? సందుకు మురిక్కాలువ, ఆడోళ్లకు మరుగుదొడ్డి, చెల్లెళ్లు కూడా బయం లేకుండా రాత్రి నడిచే దోవ... ఇవి వారసత్వం లెక్కలోకి రావా?

అడగడానికి ముందు మనకు తెలియాల. ఫోన్ ఎట్లాగూ చేతిలో ఉండాది. బురుజుతో ఒక ఫోటో దిగినాంక, అరుగు మీది అవ్వను అడిగి, ఆమె ఒప్పుకుంటే పది నిమిషాల మాట రికార్డు చేయండి. కర్నూలు దూరమంటారా? సీమలో బురుజున్న పల్లెలు తక్కువేం కాదు. మీ ఊర్లో ఒకటుంటే ఈ రాత్రి ఆడి నుంచే మొదలుపెట్టండి.