కారు ‘మెదడు’ మార్చేముందు...
2000లో కాలుష్య నిబంధనలు బిగిశాక మన పెట్రోలు కార్లలో కార్బురేటర్లు పోయి ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్లు వచ్చాయి. వాటికి మెదడు ఈసీఎం. మీ పాత కారు ఉన్నట్టుండి ఆగిపోతోందా? ‘ఈసీఎం పోయింది, మార్చాల్సిందే’ అన్నాడా మెకానిక్? కాస్త ఆగండి. దానికి కరెంటు సరిగా అందకపోయినా అవే లక్షణాలు కనిపిస్తాయి. ముందు బ్యాటరీ, ఫ్యూజులు, రిలే, ఎర్త్ వైరు చూడమనండి.

నిజంగానే పాడైతే, బాగవుతుందేమో కనుక్కోండి. సోల్డర్ ఊడటం, కెపాసిటర్ పోవడం లాంటివైతే సరిచేసేవాళ్లున్నారు.

సెకండ్‌హ్యాండ్‌ది కొంటుంటే మోడల్ ఒకటైతే చాలదు, పార్ట్ నంబరూ కలవాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న కారైతే తాళంచెవిలోని చిప్‌తో దాన్ని జతచేయించాలి. లేదంటే బండి కదలదు. ఆ పని చేసేవారు దొరికాకే డబ్బు కట్టండి!