పార్కు డబ్బు కూడా మందుల డబ్బే



డిశ్చార్జి రోజున మా నర్సులు మీ చేతికిచ్చే కాగితంలో మందుల వేళలతో పాటు ఒక మాట తప్పకుండా ఉంటుంది: "రోజూ అరగంట నడవండి." షుగరు ఉన్నవారికి, బీపీ ఉన్నవారికి, గుండె జబ్బుతో వచ్చి కోలుకున్నవారికి, కాన్పు తర్వాత బరువు పెరిగిన తల్లులకు అందరికీ ఇదే చెబుతాము. మాత్రలు ఫార్మసీలో దొరుకుతాయి. మరి నడవడానికి చోటు ఎక్కడ దొరుకుతుంది? మన పట్టణాల్లో అది మునిసిపల్ పార్కులోనో, చెరువు కట్ట మీదో, స్కూలు మైదానంలోనో దొరకాలి. వాటిని బాగు చేసి ఉంచేది ప్రజల డబ్బు. ఆ డబ్బును కాపాడుకోవడం కూడా ఆరోగ్యాన్ని కాపాడుకోవడమేనని ఈసారి మీతో చెప్పాలనుకుంటున్నాము.

ముందు రోగం లెక్క చూద్దాము. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉందని, మరో 13.6 కోట్ల మంది షుగరు అంచున ఉన్నారని అది అంచనా వేసింది. అంచున ఉన్నవారిలో చాలామందిని నడక, మితమైన తిండి వెనక్కి లాగగలవు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి ఆ మాత్రం శ్రమ కూడా లేదని 2024లో వెలువడిన మరో అధ్యయనం తేల్చింది. పురుషులలో ఇది సుమారు 42 శాతం, స్త్రీలలో సుమారు 57 శాతం.

స్త్రీలు సోమరులు కాబట్టి ఇలా ఉందా? మా ఓపీకి వచ్చే అక్కచెల్లెళ్లను అడిగితే సంగతి తెలుస్తుంది. తెల్లవారుజామున రోడ్డు మీద లారీలు, వీధి కుక్కలు. సాయంత్రం పని తెమిలేసరికి చీకటి. పార్కులో లైటు వెలగదు, మరుగుదొడ్డికి తాళం, కాపలా మనిషి లేడు. అలాంటి చోటికి ఏ తల్లి ఒంటరిగా వెళుతుంది? పెద్దవయసు వారి బాధ మరొకటి. బాటలో రాళ్లు లేచిపోతే ఒక్క అడుగు తడబడినా తుంటి ఎముక విరుగుతుంది. ఆరోగ్యం కోసం నడకకు వెళ్లినవారు మంచం పట్టకూడదు గదా.

చెట్టు, గాలి, వెలుతురు రోగికి మేలు చేస్తాయని నర్సులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఫ్లారెన్స్ నైటింగేల్ కాలం నుండి మా పాఠాల్లో ఉన్నదే. 1984లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనాన్ని కూడా చూడండి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులను పరిశీలించారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవారు కొంచెం ముందుగా ఇల్లు చేరారు, బలమైన నొప్పి మందులు తక్కువగా తీసుకున్నారు.

ఇక డబ్బు సంగతి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు పట్టణ స్థానిక సంస్థలు చూడవలసిన పనులలో ఉన్నాయని రాజ్యాంగం 12వ షెడ్యూలు చెబుతోంది. తెలంగాణలో 2019 నాటి మునిసిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలంటోంది. ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసేటప్పుడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ వసూలు చేశారు. మీలో కొందరు ఆ రసీదు ఇంట్లో దాచుకునే ఉంటారు. పిల్లలు ఆడుకోవలసిన జాగా లేకుండా పోయినందుకు కట్టిన డబ్బు అది. ఆ డబ్బు ఖాళీ స్థలాలకే తిరిగి రావాలని అడగడం న్యాయం.

అయితే డబ్బు వచ్చినంత మాత్రాన సరిపోదు. కొత్త వార్డు కట్టి రిబ్బను కత్తిరిస్తే రోగి బాగుపడడు. రాత్రి డ్యూటీకి నర్సు ఉండాలి, దుప్పటి ఉతకాలి, కుళాయిలో నీరు రావాలి. పార్కు కూడా అంతే. ఆర్చీకి, బొమ్మలకు, ఓపెన్ జిమ్ పరికరాలకు ఒక్కసారి ఖర్చు పెట్టి వదిలేస్తే రెండు వానాకాలాలకు అంతా తుప్పు. నీరు మార్చని ఫౌంటెను డెంగీ దోమకు పుట్టిల్లు అవుతుంది. తోటమాలి జీతం, కాపలా మనిషి జీతం, కరెంటు బిల్లు, నీటి ఖర్చు, ఇవి ఏటేటా బడ్జెట్‌లో విడిగా కనిపించాలి. కోత పెట్టవలసి వచ్చినప్పుడు మొదట వీటి మీదే కత్తి పడకూడదు.

"తాగునీటికీ మురుగు కాల్వలకే డబ్బు చాలడం లేదు, పార్కు సోకు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. నీరు, మురుగు ముఖ్యమే, కాదనము. కానీ పార్కు సోకు కాదు. జిమ్‌కు నెలనెలా ఫీజు కట్టగలవారికి పార్కు లేకపోయినా గడుస్తుంది. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండే కుటుంబానికి మాత్రం అదే పెరడు, అదే మైదానం, అదే వ్యాయామశాల. షుగరు ముదిరి కాలికి పుండు పడి వచ్చిన మనిషికి అయ్యే ఖర్చు ఆ ఇంటివారికి తెలుసు. ఆ స్థితికి రాకుండా ఆపే మార్గాల్లో నడక చవకైనది.

ఇంకొకరు, "పార్కు జాగాలో ఆసుపత్రి కడితే మంచిదే గదా" అనవచ్చు. ఆసుపత్రి మనుషులముగా దీనికి మేమే జవాబు చెప్పాలి. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక వైద్య ట్రస్టుకు ఆసుపత్రి కోసం కేటాయించారు. అక్కడి నివాసులు కోర్టుకు వెళ్లారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆసుపత్రి అవసరమే, కానీ దాని కోసం ప్రజల పార్కును తీసివేయరాదన్నది ఆ తీర్పు సారము. మాకు ఇది పూర్తిగా సమ్మతం. మంచాలు పెంచుకోవడానికి మనుషులు నడిచే చోటు తీసేస్తే, ఆ మంచాలు నిండడానికి ఎన్నాళ్లో పట్టదు.

కాబట్టి ఒక పని చేయండి. మీ వార్డులో పార్కు ఉంటే ఒకసారి వెళ్లి చూడండి: లైట్లు, బాట, నీరు, మరుగుదొడ్డి, కాపలా. లేనివి కాగితం మీద రాసి, పదిమంది సంతకాలతో మునిసిపల్ కమిషనర్‌కు ఇవ్వండి. ఈ సంవత్సరం పార్కుల నిర్వహణకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, ఓపెన్ స్పేస్ ఛార్జీల డబ్బు ఎక్కడ ఉంది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. స్త్రీల సమాజంలో, యౌవనస్థుల కూటంలో ఈ మాట ఎత్తండి. ఒక్కరు అడిగితే కాగితం ఫైలులో ఉండిపోవచ్చు, పదిమంది అడిగితే జవాబు వస్తుంది.

మీరు రాసే అర్జీలో ఆరోగ్య కారణాలు రాయడానికి సాయం కావాలంటే మా నర్సింగ్ విభాగంలో అడగండి. రోజూ అరగంట నడవమని చెప్పేది మేమే గనుక, ఆ సాయం చేయడం మా డ్యూటీలో భాగమనే అనుకుంటున్నాము.

నర్సింగ్ విభాగం తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్